మొదటి ఐస్ మీద చేపల వేట: బండి ఒడ్డునే ఆపండి

నవంబర్ మూడో వారం దాటాక, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్‌కి ఉత్తరాన ఉన్న అడవుల్లో చిన్న లేకులు ఒక్కొక్కటే గడ్డకడతాయి. పెద్ద లేకుల నడిమధ్యన ఇంకా అలలు కొడుతుంటాయి గానీ, యాభై అరవై ఎకరాల లేక్ మీద అప్పటికే మనిషి నడిచేంత ఐస్ వచ్చేస్తుంది. చేపలు ఇంకా వేసవిలో తిరిగిన చోటే, నాచు అంచుల్లోనే తిరుగుతుంటాయి. ఐస్ మీద చప్పుళ్లు, బండ్ల రాకపోకలు ఇంకా మొదలవవు. జనవరిలో రోజంతా కూర్చున్నా తాకని చేప ఈ రెండు మూడు వారాల్లో సాయంత్రం ఒక్క గంటలో తాకుతుంది. అందుకే మిన్నెసోటాలో వేటగాళ్లందరూ మొదటి ఐస్ కోసం ఎదురుచూస్తారు.

నేను పుట్టి పెరిగింది ఆకివీడు దగ్గర, చేపల చెరువుల మధ్య. ఇప్పుడు ఉండేది డులూత్‌లో. ఐస్ మీద వేట నాకు నేర్పింది మా పక్కింటి పెద్దాయన. ఫిన్లండ్ దేశం నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది, ఇసబెల్లా అనే ఊరి చుట్టుపక్కల అడవుల్లో కలప పని చేసిన మనిషి. మినియాపొలిస్ నుంచి మన తెలుగు పిల్లలు ఏటా ఫోన్ చేస్తారు, “అక్కా, స్నోమొబైల్ అద్దెకి తీసుకుంటాం, ఎక్కడికెళ్లమంటారు?” అని. ఫోన్లో చెబితే సగం మర్చిపోతున్నారని ఈసారి అంతా రాసి పెడుతున్నాను. అన్నిటికంటే ముందు ఒక మాట. డిసెంబర్‌లో స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే బండి, ఉన్నది అడవి దారి దాటడానికి. లేక్ ఒడ్డు వచ్చిందంటే బండి ఆగాలి, అక్కణ్ణించి కాళ్లే. మిగతా సలహాలు మీ వీలునిబట్టి మార్చుకోవచ్చు, ఇది మాత్రం మార్చకండి.

ఏ లేక్?

ఇసబెల్లా, ఫిన్లండ్ (ఇదీ ఇక్కడి ఊరి పేరే) చుట్టూ సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో లేకులకి కొదవలేదు. నేను వెళ్లే లేక్ పేరు మాత్రం రాయను. అంత చిన్న నీటిలో వాలై అనే చేపలు, పెద్దవి, ఎన్నో ఉండవు, పది బండ్లు వచ్చి పడితే రెండేళ్లలో ఖాళీ అవుతుంది. ఎలా వెతకాలో చెబుతాను, మీ లేక్ మీరే వెతుక్కోండి. రాష్ట్ర సహజ వనరుల శాఖని ఇక్కడ అందరూ డీఎన్‌ఆర్ అంటారు. వాళ్ల సైట్‌లో లేక్‌ఫైండర్ అని ఉంటుంది. లేక్ పేరు కొడితే చాలా లేకులకి లోతు మ్యాపు, ఏ ఏడాది ఏ చేపపిల్లలు వదిలారో, వలలు వేసి చూసినప్పుడు ఏ చేప ఎంత పడిందో కనిపిస్తాయి.

లోతు కనీసం పదిహేను ఇరవై అడుగులున్న లేక్ చూడండి. మా నాన్న తెల్లవారుజామున మూడింటికి టార్చి పట్టుకుని చెరువు గట్టు మీద తిరిగేవాడు, చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతున్నాయేమో చూడటానికి. రాత్రంతా నాచు ఆక్సిజన్ పీల్చేస్తుంది గనక తెల్లవారేసరికి అది అడుగంటుతుంది. ఇక్కడా జరిగేది అదే, కాకపోతే ఒక్క రాత్రిలో కాకుండా నెలల మీద జరుగుతుంది. ఐస్ మీద మంచు పేరుకున్నాక వెలుతురు దిగదు, నాచు చచ్చి కుళ్లుతుంది, లోతులేని లేకుల్లో ఫిబ్రవరి, మార్చి నాటికి చేపలు ఊపిరాడక చస్తాయి. డిసెంబర్ మొదట్లో ఐస్ అద్దంలా ఉండి వెలుతురు దిగుతుంది కాబట్టి నాచు ఇంకా పచ్చగానే ఉంటుంది, చేప దాని పక్కనే ఉంటుంది. లోతు మ్యాపులో ఎనిమిది నుంచి పదిహేను అడుగుల గీత ఎక్కడ ఒక్కసారిగా లోతులోకి జారుతోందో అక్కడ గుర్తు పెట్టుకోండి.

రెండు హద్దులు గమనించాలి. బౌండరీ వాటర్స్ వన్యప్రాంతంలోకి మోటారు బండి తీసుకెళ్లకూడదు. 1978 చట్టం తర్వాత కెనడా సరిహద్దు వైపు రెండు చిన్న దారులు తప్ప స్నోమొబైల్‌కి అక్కడ చోటు లేదు. ఆ హద్దుకి కంచె ఉండదు, కాబట్టి ఫోన్లో మ్యాపు ముందే దించుకుని వెళ్లండి. రెండోది, ట్రౌట్ చేపల లేకులు. బౌండరీ వాటర్స్ బయట వాటి చలికాలపు సీజన్ జనవరిలో గానీ మొదలవదు. డిసెంబర్‌లో మనకి వాలై, నార్తర్న్ పైక్, క్రాపీ, పెర్చ్ ఉన్న లేకులే. పదహారేళ్లు నిండినవాళ్లందరికీ వేట లైసెన్సు ఉండాలి. 1976 డిసెంబర్ 31 తర్వాత పుట్టినవాళ్లు స్నోమొబైల్ నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. పెద్దవాళ్లకి ఆన్‌లైన్ కోర్సు ఉంది, ముందే చేసేయండి. ఒక్కొక్కరు ఎన్ని చేపలు ఉంచుకోవచ్చో ఆ ఏటి నిబంధనల పుస్తకంలో చూసుకోండి, లేక్‌ని బట్టి కూడా మారుతుంది.

దారి

ఇక్కడి ట్రెయిల్స్, అంటే స్నోమొబైల్ దారులు, పేరున్నవి. డులూత్ నుంచి గ్రాండ్ మరే దాకా నార్త్ షోర్ స్టేట్ ట్రెయిల్ 146 మైళ్లు. కానీ డిసెంబర్ 1న ట్రెయిల్ సీజన్ మొదలైందని కాగితం మీద ఉన్నంత మాత్రాన దారి సిద్ధమైనట్టు కాదు. అడవి దారులు చాలాచోట్ల చిత్తడి నేలల మీదుగా పోతాయి. తొలి మంచు ఆ బురద మీద పడి చలిని లోపలికి వెళ్లనివ్వదు, పైకి తెల్లగా చదునుగా కనిపిస్తున్నా కింద నీళ్లే. అందుకని నేను ట్రెయిల్ కంటే మంచు తియ్యని ఫారెస్ట్ రోడ్డునే ఎంచుకుంటాను. కింద కంకర ఉంటుంది, వాగుల మీద కల్వర్టు ఉంటుంది. తొమ్మిది మైళ్లు ఎక్కువైనా సరే. కలప నరుకుతున్న ప్రాంతమైతే అదే రోడ్డు మీద లారీలు వస్తాయి, మలుపుల్లో కుడి అంచు వదలకండి. చచ్చిన బాల్సమ్ ఫర్ చెట్లు గాలికి దారికడ్డంగా పడుంటాయి, చేతిరంపం తప్పకుండా ఉండాలి.

మొదటి రోజుల్లో బండిని చెడగొట్టేది మంచు లేకపోవడమే. నీళ్లతో చల్లబడే ఇంజన్లున్న కొత్త బండ్లు ట్రాక్ కింద నుంచి ఎగిరే మంచుతోనే చల్లబడతాయి. గట్టి నేల మీద, ఉత్త ఐస్ మీద ఆ మంచు దొరక్క పది నిమిషాల్లో వేడి దీపం వెలుగుతుంది, ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలు కరుగుతాయి. స్క్రాచర్లు, అంటే ఐస్‌ని గీరి పొడి లేపే స్ప్రింగు కడ్డీలు, దించి నడపండి. అవి లేకపోతే అప్పుడప్పుడూ పక్కనున్న మెత్తటి మంచులోకి దిగి రండి. నా బండి ఫ్యాన్ గాలితో చల్లబడే పాత టూ-స్ట్రోక్, వెడల్పు ట్రాక్. వేగం తక్కువే కానీ డిసెంబర్‌కి అంతకంటే నమ్మకమైనది నేను చూడలేదు. అద్దెకి తీసుకుంటే పనిబండ్లు అడగండి, రేసుబండ్లు వద్దు.

ఇద్దరు మనుషులు, రెండు బండ్లు. ఒక బండి ఆగితే రెండోది లాక్కొస్తుంది. స్పేర్ బెల్టు, స్పార్క్ ప్లగ్గులు, లాగే తాడు, వెళ్లిరావడానికి అయ్యే దానికంటే సగం ఎక్కువ పెట్రోలు. వెనక లాగే ప్లాస్టిక్ స్లెడ్డుని తాడుతో కట్టకండి, ఇనుప కడ్డీతో తగిలించండి. తాడుతో కడితే పల్లంలో స్లెడ్డు మీ వీపు మీదికొస్తుంది. ఆ అడవిలో ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరం అద్దెకైనా తెచ్చుకోండి. దాన్ని స్లెడ్డులో కాదు, ఒంటి మీద జేబులో పెట్టుకోవాలి. బండి ఎక్కడ ఆపుతున్నారో, ఏ లేక్‌కి వెళ్తున్నారో, రాత్రి ఎన్నింటిలోగా ఫోన్ రాకపోతే అత్యవసర నంబరు 911కి చెప్పాలో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి బయల్దేరండి.

బట్టల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. ఒంటికి తగిలేది ఉన్ని గానీ సింథటిక్ గానీ కావాలి, జీన్స్ ఇంట్లో వదిలేయండి. తడిసిన నూలుబట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది. సున్నా ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు గంటకి పదిహేను మైళ్ల గాలి వీస్తే ఒంటికి −19లా తగులుతుంది. బండి మీద ఆ గాలిని మనమే పుట్టిస్తున్నాం. పైన వేసుకునేది మాత్రం ఖరీదైనా సరే, నీళ్లలో తేలే ఫ్లోట్ సూట్ కొనండి. మిగతా సామాను ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు.

ఒడ్డు మీద

ఇక్కడ తొందరపడొద్దు. డీఎన్‌ఆర్ చెప్పే లెక్క ఇది: మనిషి నడవడానికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7. ఇది కొత్తగా గట్టిపడ్డ, అడుగు కనిపించే నల్ల ఐస్‌కి మాత్రమే. మంచు నీళ్లలో నాని మళ్లీ గడ్డకట్టిన తెల్ల ఐస్ అయితే రెట్టింపు మందం కావాలి. బూడిద రంగులో ఉంటే అందులో నీళ్లున్నట్టే, కాలు పెట్టకండి. ఏ ఐస్‌కీ నూటికి నూరు భరోసా లేదని అదే శాఖ ఏటా చెబుతూనే ఉంటుంది.

“అయిదు అంగుళాలుంది కదక్కా, బండి తీసుకెళ్తే ఏం?” అని అడుగుతారు. అయిదున్నది మీరు తవ్విన చోట. పది అడుగుల అవతల మూడే ఉండొచ్చు. నడిచే మనిషి ప్రతి అడుగుకీ పరీక్షించుకుంటూ వెళ్తాడు. బండి మీద వెళ్లేవాడు ఆ అడుగులన్నీ ఒక్క క్షణంలో దాటేస్తాడు, తప్పు తెలిసేసరికి దాని మీదే ఉంటాడు. గాజులాంటి ఐస్ మీద బ్రేకు కూడా పట్టదు. పైగా జనం మసిలే లేక్ అయితే ఎవరో ఒకరు చూస్తారు. అంత లోపలి అడవిలో ఎవరూ చూడరు. ఐస్ నిండా ఎనిమిది అంగుళాలు దాటి, నేను అంతటా తవ్వి చూసుకున్నదాకా నా బండి ఒడ్డు దిగదు.

చేతిలో గునపం ఉండాలి. మన ఊళ్లో గుంటలు తవ్వేదే, ఇక్కడ మొన ఉలిలా ఉంటుంది. అడుగు ముందుకు వేసే ముందు, ఆ చోట గట్టిగా రెండు దెబ్బలు. దెబ్బకి టంగుమని ఎగిరిపడితే ముందుకు. డొల్లగా మోగినా, నీళ్లు చిమ్మినా, వచ్చిన అడుగుల మీదే వెనక్కి. ఇరవై ముప్పై అడుగులకోసారి ఆగర్‌తో, అంటే ఐస్‌ని తిప్పి తవ్వే బరమాతో, బెజ్జం పెట్టి, కొక్కెం ఉన్న పుల్ల దింపి మందం కొలవండి. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, ముప్పై అడుగుల ఎడం. వెనకవాళ్ల చేతిలో విసిరే తాడు. ఇద్దరి మెడలోనూ ఐస్ పిక్స్, అంటే ఐస్‌లో గుచ్చి పైకి లాక్కునే మొన ఉన్న పిడులు, వేలాడుతూ ఉండాలి, జేబులోనో సంచిలోనో ఉంటే నీళ్లలో చేతికందవు.

వాగు కలిసే చోట, వాగు బయటికెళ్లే చోట, రెండు ఒడ్లు దగ్గరకొచ్చే ఇరుకులో, నీళ్లలో తిరిగే బీవర్ అనే జంతువు గూడు చుట్టూ, బయటికి పొడుచుకొచ్చిన రాళ్ల పక్కన, తుంగ మొలిచిన ఒడ్డున ఐస్‌ని నమ్మకండి. బీవర్ రోజూ ఒకే దారిన ఈదుతుంది. అది వదిలే గాలి బుడగలతో ఆ దారి పొడవునా ఐస్ పలచబడుతుంది. గాలికి మంచు మేట వేసిన చోట కూడా అంతే, మంచు కింద చలి తగలక ఐస్ పెరగదు. ఐస్ పెద్దగా మూలుగుతుంది, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి ఉరిమినట్టు వినిపిస్తుంది. కొత్తవాళ్లు దానికి హడలిపోతారు. అది ఐస్ పెరుగుతూ సర్దుకునే చప్పుడు, ఆ ఒక్క చప్పుడుకే పరిగెత్తక్కర్లేదు. కాలి కింద బీటలు చుట్టూ విచ్చుకుని నీళ్లు పైకి ఊరుతుంటే మాత్రం మెల్లగా పడుకుని, పాకుతూ వెనక్కి రండి.

పడితే

మానిటోబా యూనివర్సిటీలో చలినీటి మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ నేర్పే లెక్క 1-10-1. మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, ఆ నిమిషం తల నీళ్లపైన ఉంచి ఊపిరి నిలదొక్కుకోవడమే పని. తర్వాత పది నిమిషాలు చేతులు, కాళ్లు మాట వింటాయి. స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. చాలామంది మొదటి నిమిషంలో, ఇంక అయిపోయిందన్న భయంతో పోతారు. మీ దగ్గర టైముందని గుర్తుపెట్టుకోండి.

వచ్చిన వైపుకే తిరగండి, అంతవరకూ మిమ్మల్ని మోసిన ఐస్ అదే. పిక్స్ ఐస్‌లో గుచ్చి, కాళ్లు వెనక్కి చాపి ఈత కొట్టినట్టు తంతూ, ఒళ్లు అడ్డంగా పైకి జార్చండి. పైకొచ్చాక లేవకండి, దొర్లుతూ ఒడ్డుకి రండి. రెండోవాళ్లు దగ్గరికి పరిగెత్తకూడదు, పడుకుని తాడు విసరాలి. పొడి బట్టల మూట, అగ్గిపెట్టె ఒడ్డున బండిలోనే ఉండాలి. వేసవిలో ఏ ఈతకొలనులోనో ఐస్ పిక్స్ పట్టుకుని గట్టు మీదికి ఇలా జారడం అలవాటు చేసుకోండి, మా ఇంట్లో పిల్లలకి కూడా నేర్పాను.

వేట

డిసెంబర్ మధ్యలో ఇక్కడ సాయంత్రం 4:20కల్లా సూర్యుడు దిగిపోతాడు. వాలై కంటికి మసక వెలుతురులో బాగా కనిపిస్తుంది, చిన్న చేపలకి కనిపించదు. అందుకే సూర్యాస్తమయానికి అరగంట ముందు నుంచి గంట తర్వాత దాకా అసలైన వేట. అప్పుడు ఆగర్ తిప్పితే చేప లోతుకి జారుకుంటుంది. బెజ్జాలన్నీ మూడింటికల్లా తవ్వేసి, ఐస్ పొడి గరిటెతో తీసేసి, నిశ్శబ్దంగా కూర్చోవాలి. మంచు లేని గాజు ఐస్ కింద నుంచి మీ నీడ, మీ బూటు చప్పుడు రెండూ తెలుస్తాయి. తవ్విన పొడినే బెజ్జం చుట్టూ పరిచి దాని మీద కూర్చోండి.

మిన్నెసోటాలో చలికాలం ఒక్కొక్కరికి రెండు గాలాలు వేసుకోవచ్చు. ఒకటి చేతిలో పట్టుకుని ఆడించేది: ఎనిమిదో వంతు ఔన్సు బంగారు రంగు స్పూను (మెరిసే లోహపు ఎర), దాని ముల్లుకి మిన్నో అనే చిన్న ఎరచేప తలకాయ. లేక్ నేలకి తగిలించి, అడుగెత్తు లేపి, వదిలి, కదపకుండా ఆపండి. చేప అందుకునేది ఆపినప్పుడే. రెండోది బెండు కింద బతికున్న మిన్నో, నేలకి ఒక అడుగు పైన, దాన్ని ముట్టుకోకండి. ఫ్లాషర్ అనే, నీళ్లలో చేపని చూపే పరికరం ఉంటే తెర మీద చేప రావడం కనిపిస్తుంది. అది పైకి లేస్తుంటే స్పూను కూడా దానికంటే కాస్త పైకి ఎత్తుతూ పోండి, వెంబడించే చేప నోరు తెరుస్తుంది. పైక్ కావాలంటే రెండో గాలం బదులు నాచు అంచున టిప్-అప్, అంటే బెజ్జం మీద పెట్టి వదిలేసే జెండా గాలం, పెట్టండి. చేప లాగితే జెండా లేస్తుంది. అది కంటికి కనిపిస్తూ, మీకు 200 అడుగుల లోపు ఉండాలి.

గుడారం వేసి ప్రొపేన్ హీటరు పెట్టుకుంటే పైకిటికీ, కింది అంచు రెండూ కొంచెం తెరిచి ఉంచండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. తలనొప్పి మొదలైతే చలి అనుకోకుండా బయటికి రండి. వదిలేసే చేపని ఫొటో కోసం గాలిలో పట్టుకోకండి, అంత చలిలో కళ్లు, మొప్పలు క్షణాల్లో గడ్డకడతాయి. గుడ్లు పెట్టే పెద్ద వాలైని నేను ఎప్పుడూ వదిలేస్తాను, అంత చిన్న లేక్‌కి అదే విత్తనం. పులిహోర ఆ చలిలో రాయవుతుంది, ఫ్లాస్కులో వేడి సాంబారన్నం పెట్టుకోండి. తిన్న తర్వాత చెత్త అంతా సంచిలోకి. ఐస్ మీద చెత్త వదిలితే ఇక్కడ 100 డాలర్ల జరిమానా.

తిరుగు

వెళ్లేటప్పుడు గునపం కొట్టిన దారి పొడవునా వెలుతురు పడితే మెరిసే చిన్న జెండాలు గుచ్చుకుంటూ వెళ్లండి, చీకట్లో వాటి మీదుగానే తిరిగొస్తూ ఏరుకోండి. దగ్గరదారి కనిపించినా దిగకండి. మిన్నో బకెట్‌లో లేక్ నీళ్లుంటే అక్కడే పారబోయాలి. మిన్నోలు ఉంచుకోవాలంటే ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు పోసుకోండి. వేరే లేకులకి పురుగు, నాచు పాకకుండా ఈ నిబంధన. బండిలో బురదమంచు ఇరుక్కుంటే వెనక భాగం ఎత్తి, ట్రాక్ తిప్పి దులపండి. అలాగే ఆపితే పొద్దుటికి ట్రాక్ రాయిలా బిగుసుకుపోతుంది. సిగ్నల్ అందగానే ఇంటికి ఫోన్.

వాలైకి ముళ్ల బాధ లేదు, పులుసైనా వేపుడైనా సరే. పైక్‌ని ఇక్కడ చాలామంది ముళ్లకి భయపడి వదిలేస్తారు, నాకు మాత్రం అదే ఇష్టం. వీపు వెంబడి చీలిక ముళ్ల వరస ఒకటుంటుంది. చర్మం తీసిన ముక్క మీద ఆ వరస పొడవునా, గోటి మందం ఎడంతో, ముక్క తెగిపోకుండా దగ్గరదగ్గరగా గాట్లు పెట్టండి. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, బియ్యప్పిండి అద్ది, బాగా కాగిన నూనెలో ఎర్రగా వేయించండి. గాట్లలో తెగిన ముళ్లు కరకరలాడి నమిలితే పోతాయి. గాటు దూరం దూరంగా పడితే మాత్రం ముల్లు మిగిలిపోతుంది, పిల్లలకి పెట్టే ముక్కలు చేత్తో విప్పి చూసి పెట్టండి.